పడుకున్న మనిషికి కనపడే గోడ

ఎనభైల్లో దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు మీద నాకు ఒక ఫొటో స్టూడియో ఉండేది. ఒక షట్టరు, పరదా వెనక చిన్న గది, గోడకు నీలిమబ్బులు వేసిన తెర, దాని ముందు గుండ్రటి స్టూలు. పాస్‌పోర్టు ఫొటోలు, పెళ్లిళ్లు, గృహప్రవేశాలు నా బతుకుతెరువు. ఆ రోజుల్లో గృహప్రవేశాలకు కొదవ లేదు. చైతన్యపురి నుంచి ఎల్.బి.నగర్ దాకా రోడ్డుకు రెండు పక్కలా ఉన్న ద్రాక్షతోటలూ జొన్నచేలూ ఒకదాని తర్వాత ఒకటి కాలనీలవుతున్నాయి. మా కృష్ణా జిల్లా నుంచి, గుంటూరు నుంచి, గోదావరి జిల్లాల నుంచి ఉద్యోగాల కోసం వచ్చినవాళ్లు తడి ఆరని గోడల మధ్య పాలు పొంగించి, నన్ను పిలిచి ఫొటోలు తీయించుకునేవాళ్లు.

ఆదివారం మాత్రం నా సొంతం. పొద్దున్నే కెమెరా మెడలో వేసుకుని స్కూటరు మీద సాగర్ రోడ్డునో, నల్లగొండ రోడ్డునో పట్టుకుని పోయేవాణ్ని. ఏడాదికోసారి రైలెక్కి అరకు వెళ్లేవాణ్ని. కొండలు, నీళ్లు, చెట్లు, మంచు తీసుకుని వచ్చేవాణ్ని. వాటిని కొనేవాళ్లు ఎవరూ ఉండరని నాకు తెలుసు. అయినా స్టూడియో అద్దాల బీరువాలో పెళ్లికూతుళ్ల ఫొటోల పక్కన రెండు మూడు పెట్టుకునేవాణ్ని.

ఒకరోజు ఒక డాక్టరమ్మ పాస్‌పోర్టు ఫొటో కోసం వచ్చి, నేను ప్రింట్లు కత్తిరించేలోపు ఆ బీరువా ముందు నిలబడిపోయింది. రాజమండ్రి వైపు మనిషి, నలభై ఐదేళ్లుంటాయి. ఎల్.బి.నగర్ చౌరస్తా దాటాక ఒక కొత్త కాలనీలో పది పడకల నర్సింగ్ హోమ్ పెట్టింది. కాన్పులు ఆవిడ చూస్తుంది, ఆపరేషన్లు ఆవిడ భర్త చేస్తాడు. అరకు ఫొటో ఎవరు తీశారని అడిగింది. నేనేనన్నాను.

"నా గోడలకు మందుల కంపెనీవాళ్లు ఇచ్చిన క్యాలెండర్లు తప్ప ఏమీ లేవండీ. ఒకదాని మీద కాలేయం బొమ్మ ఉంది. వచ్చిన మనిషి పొద్దస్తమానం పడుకుని ఆ కాలేయాన్నే చూస్తూ ఉంటాడు," అంది. మనసుకు నిమ్మళంగా ఉండేవి ఒక పది ఏరి, పెద్దవి చేయించి ఇవ్వమంది.

నా ఆదివారాలకు మొదటిసారి ఒక విలువ దొరికినట్టయింది. ఇంటికి వెళ్లి నెగటివ్‌లన్నీ బయటికి తీశాను. నేను గొప్పగా తీశాననుకున్నవే ఏరాను. వానాకాలంలో పోటెత్తిన ఎత్తిపోతల జలపాతం, సాగర్ నీళ్లలోకి దిగుతున్న సూర్యుడు, అరకులోయ, మంచులో ఆకు లేకుండా నిలబడ్డ ఒక మోడు. ఆ మోడు నా దృష్టిలో నేను తీసినవాటన్నిటిలోకీ మంచి ఫొటో. దానికోసం రెండు రోజులు చలిలో కాచుకున్నాను. డాక్టరమ్మ దాన్ని చూడగానే పక్కన పెట్టేసింది. దాని వెలుతురు గురించి, అది దొరికిన తీరు గురించి నేను చెప్పబోయాను. ఆవిడ ఓపిగ్గా అంతా విని, "ఇది మీకు మంచిదండీ, నా పేషెంట్లకు వద్దు," అంది. నాకు చిన్నతనం అనిపించింది. ఫొటోల సంగతి ఆవిడకేం తెలుసు అనుకున్నాను.

కోఠీలో కలర్ ల్యాబులో పెద్దవి చేయించి, సుల్తాన్ బజారులో అద్దాలు బిగించి ఫ్రేములు కట్టించి, ఆటోలో ఒళ్లో పెట్టుకుని తీసుకెళ్లాను. నేనే స్టూలెక్కి మేకులు కొట్టాను. నిలబడి చూస్తే గదులు వెలిగిపోతున్నట్టుగా ఉన్నాయి.

నెల తిరగకుండా మొదటి ఫిర్యాదు వచ్చింది. చేసింది అక్కడ పనిచేసే ఆయమ్మ. హయత్‌నగర్ నుంచి రోజూ బస్సులో వచ్చేది. యాభై ఏళ్ల మనిషి, భర్త లేడు, మాట నెమ్మది. డాక్టరమ్మ ఎంత చెప్తే అంత కాదు గానీ, ఆయమ్మ ఎంత చెప్తే అంత ఆ నర్సింగ్ హోమ్‌లో. నేను ఏదో పని మీద వెళ్తే పక్కకు పిలిచి ఎత్తిపోతల ఫొటో చూపించింది.

"గా నీళ్ల పటం తీసెయ్యున్రి సారూ. ఆపరేషన్‌కు పొయ్యేటోళ్లను గీ రూముల్నే పండవెడ్తం. పొద్దటికెల్లి సుక్క నీళ్లియ్యం. నాలికె ఎండుకపోయి పండుకుంటె, ఎదురుంగ గన్ని నీళ్లు దుంకుతుంటె ఎట్లుంటది వాళ్లకు?"

అంతకుముందు రోజే ఒకామె ఆ గోడ వైపు చూడలేక కొంగు మొహం మీద కప్పుకుని పడుకుందట. నేనే స్టూలెక్కి ఆ ఫ్రేము దించాను. నీళ్లలోకి దిగే సూర్యుడి గురించి కూడా ఆయమ్మకు ఒక మాట ఉంది. ముసలివాళ్ల గదిలో పొద్దుగూకేది ఎందుకు అంది. దాన్నీ దించాను. అయితే అప్పటికీ నా లోపల మారింది ఏమీ లేదు. రెండు ఫొటోలు తప్పు, మిగతావి ఒప్పు అనుకున్నాను, అంతే.

ఆ ఏడాదే నా భార్య అదే నర్సింగ్ హోమ్‌లో చేరింది. మాకు పెళ్లయిన ఐదేళ్లకు కడుపు నిలిచింది. ఐదో నెలలో ఒక మధ్యాహ్నం నొప్పి మొదలైంది. రిక్షాలో తీసుకెళ్లాను. డాక్టరమ్మ చేయగలిగిందంతా చేసింది. బిడ్డ దక్కలేదు. ఆడపిల్ల అని ఆయమ్మ నాకు చెప్పింది. నా భార్యకు చెప్పొద్దని నేను బతిమాలాను గానీ ఆమెకు అప్పటికే తెలుసు.

మూడు రోజులు అక్కడే ఉంది. ఆమె మంచం కాళ్ల వైపు గోడ మీద నా అరకులోయ ఉంది. నేను పక్కన కుర్చీలో కూర్చుని, ఆమెతో ఏం మాట్లాడాలో తెలియక, ఆ ఫొటో వైపు చూస్తూ ఉండేవాణ్ని. నేను నోరు తెరిచి ఇవ్వలేని ఓదార్పు ఆ కొండలు ఇస్తున్నాయని నమ్మాను. ఆమె కూడా అటే చూస్తున్నట్టు ఉండేది.

ఇంటికి వచ్చాక మా మధ్య మాటలు తగ్గిపోయాయి. అన్నం పెట్టేది, నేను తినేవాణ్ని. నెల పైన గడిచాక, ఒకరోజు భోజనాల దగ్గర, ఆ మూడు రోజుల గురించి ఏదో ఒకటి మాట్లాడాలని, ఆ ఫొటో చూస్తుంటే కాస్తయినా తేలిగ్గా ఉండేదా అని అడిగాను.

ఆమె కంచంలోంచి తల ఎత్తి నన్ను చూసింది. "మీ ఫొటో నాకు కనపడనే లేదండీ," అంది. "పడుకుంటే ఆ అద్దంలో ట్యూబులైటు కనపడేది. ఫ్యాను తిరగడం కనపడేది. పక్కకి తిరిగితే తలుపు. తలుపు తీసినప్పుడల్లా అవతలి గదిలోకి ఎవరి పిల్లనో ఎత్తుకెళ్లడం కనపడేది."

ఆమె అది నిష్ఠూరంగా అనలేదు. అడిగాను కాబట్టి చెప్పింది.

మర్నాడు పొద్దున స్టూడియో తెరవకుండా నేరుగా నర్సింగ్ హోమ్‌కు వెళ్లాను. ఆ గది ఖాళీగా ఉందో లేదో కనుక్కుని, ఒక్కసారి ఆ మంచం మీద పడుకోనివ్వమని డాక్టరమ్మను అడిగాను. ఆవిడ కారణం అడగలేదు. చెప్పులు విప్పి పడుకున్నాను. తల దిండు మీద పెట్టగానే అరకులోయ మాయమైంది. అద్దం నిండా తెల్లటి ట్యూబులైటు, దాని కింద ఫ్యాను రెక్కల నీడ. మెడ ఎత్తితే కొండ అంచు ఒకటి కనపడింది. మూడు రోజులు ఆమె చూసింది ఇది. నేను చూసింది నా ఫొటో. కళ్లలో నీళ్లు తిరిగి, ఆ ట్యూబులైటు కూడా కనపడకుండా పోయింది.

ఆయమ్మ చీపురు పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది. "ఇన్నొద్దులకు పండుకొని చూసిన్రా సారూ," అంది. అందులో ఎత్తిపొడుపు లేదు. వచ్చి కిటికీ రెక్క తెరిచి వెళ్లిపోయింది.

ఆ తర్వాత పది గదుల్లో పది మంచాల మీదా ఒక్కొక్కటిగా పడుకున్నాను. అద్దాలన్నీ తీయించేశాను. మెరుపు లేని కాగితం మీద మళ్లీ ప్రింట్లు వేయించి, ప్లైవుడ్ మీద అతికించాను. ఎత్తు తగ్గించి, పై అంచు కొంచెం ముందుకు వంగేట్టు కట్టాను. నిలబడిన మనిషికి అవి వంకరగా కనపడతాయి. డాక్టరమ్మ భర్త ఒకటి రెండుసార్లు వాటిని సరిచేయబోతే ఆయమ్మ ఆపిందట.

ఏ ఫొటోలు పెట్టాలన్నది మాత్రం నాకు తెలియలేదు. ఇక నా కన్నును నేను నమ్మలేదు. ఇంట్లో చిన్న ప్రింట్లన్నీ చాప మీద పరిచి నా భార్యను పిలిచాను. ఆమె చాలాసేపు నిలబడి చూసింది. తర్వాత కూర్చుంది. తర్వాత చాప మీద వెల్లకిలా పడుకుని, ఒక్కొక్క ఫొటో మొహానికి ఎదురుగా చెయ్యి చాచి పట్టుకుని చూడటం మొదలుపెట్టింది. కొన్ని వెంటనే పక్కన పెట్టేసింది. మలుపు తిరిగి కనపడకుండా పోయే దారి వద్దంది. ఎత్తైన కొండ కొమ్ము వద్దంది, చూస్తుంటే కళ్లు తిరుగుతాయంది. వాన వెలిశాక అరటాకు మీద నిలిచిన నీళ్లు ఉంచింది. మేస్తున్న గొర్రెల మంద ఉంచింది. గాలి లేని మధ్యాహ్నం హయత్‌నగర్ అవతల ఒక చెరువు ఉంచింది. అందులో చెప్పుకోవడానికి ఏమీ లేదు, నీళ్లు, తుంగ, దూరంగా ఒక గట్టు. అలాంటివి నేను పొరపాటున తీసినవి, ఎవరికీ చూపించనివి. ఒక పక్షిగూడు ఫొటో ఆమె చేతికి వచ్చింది. లోపల రెండు గుడ్లు ఉన్నాయి. దాన్ని ఆమె చాప అంచున బోర్లా పెట్టింది. ఆమె ఇంకోటి అందుకుంది. ఆ రోజు మళ్లీ మేం మాట్లాడుకున్నాం, ఫొటోల గురించే అయినా.

కొత్తవి పెట్టాక ఎవరూ ఏ ఫిర్యాదూ చేయలేదు. ఎవరూ మెచ్చుకోనూ లేదు. అదే మంచి గుర్తు అంది డాక్టరమ్మ.

మరుసటి ఏడాది ఎండాకాలం ముందు ఒక పెద్దాయన వచ్చి చేరాడు. కర్మన్‌ఘాట్ దాటాక బాలాపూర్ పోయే వైపు ఒక పల్లె వాళ్లది. డెబ్భై ఏళ్లుంటాయి. ఊపిరితిత్తుల జబ్బు, నాలుగు మాటలు మాట్లాడితే ఆయాసం. పెద్దాసుపత్రివాళ్లు ఇక చేసేదేమీ లేదని పంపేశారు. ఇంటికి దగ్గరగా ఉంటుందని కొడుకు ఇక్కడ చేర్పించాడు. ఆ కొడుకు ప్లాట్ల వ్యాపారంలో ఉన్నాడు, మోటార్ సైకిలు మీద పొద్దునా సాయంత్రం వచ్చేవాడు. టిఫిన్ డబ్బా పెట్టి, డాక్టరుతో మాట్లాడి, గుమ్మంలోనే నిలబడి వెళ్లిపోయేవాడు. తండ్రీ కొడుకులు మాట్లాడుకోరని ఆయమ్మ కనిపెట్టింది.

పెద్దాయన గదిలో కిటికీ ఉంది గానీ తెరిస్తే మూడు అడుగుల దూరంలో పక్కింటి గోడ. సున్నం కూడా వేయని ఇటుకలు. అందుకని ఆ గదిలో పెద్ద ఫొటో ఉండాలని అరకు పచ్చిక బయలు పెట్టాం. నేను వేరే గదిలో ఊడిన మేకు సరిచేయడానికి వెళ్లినప్పుడు, ఆ పటాలాయనను ఓసారి రమ్మను అని పెద్దాయన పిలిపించాడు.

"ఏ ఊరు బిడ్డా గది?" అన్నాడు గోడ చూపించి.

అరకు అని, విశాఖపట్నం అవతల అని చెప్పాను.

"గట్లనా." కాసేపు ఊపిరి తీసుకున్నాడు. "మంచిగున్నది. మనది గాదు. మనకాడ గంత పచ్చగ ఉండేది వానలు వడ్డ నెలరోజులే. మిగిలిందంత ఎర్రగ ఉంటది."

వాళ్లకు ఒక చెల్క, అంటే మెట్టచేను, ఉండేదని, అందులో గుండ్లు, పెద్ద పెద్ద బండరాళ్లు, ఉన్నాయని, పడమటి వైపు నాలుగు తాటిచెట్లున్నాయని ఆగి ఆగి చెప్పాడు. జొన్నలు, కందులు పండేవట. రెండేళ్ల కింద అది ప్లాట్లకు పోయింది. "గా తాటిచెట్లు ఇంక ఉన్నయో కొట్టేసిన్రో," అన్నాడు. "నువ్వు పోయి జూసి ఒస్తవా? ఉంటె పటం తీయి."

డాక్టరమ్మతో చెప్పాను. పోయిన చేను మళ్లీ కళ్లముందు పెడితే ఆయన ప్రాణానికి సుఖమో కష్టమో తనకు తెలియదంది. "అయినా అడిగింది ఆయన కదా. మనం ఎంపిక చేసింది తనది కాదన్నాడు," అంది.

దారి చూపించమని కొడుకును అడిగాను. మర్నాడు పొద్దున ఆరు గంటలకు స్టూడియో ముందు మోటార్ సైకిలుతో నిలబడి ఉన్నాడు.

ఆ చెల్క దగ్గర దిగేసరికి ఎండ అప్పుడే పాకుతోంది. తాటిచెట్లు నాలుగూ ఉన్నాయి. గుండ్లు ఉన్నాయి. బావి సగం పూడ్చి ఉంది. నేల నిండా వరుసలు వరుసలుగా సున్నం పూసిన ప్లాట్ల హద్దురాళ్లు, వాటి మీద ఎర్ర రంగుతో అంకెలు. ఎటు తిరిగి కెమెరా పెట్టినా ఏదో ఒక రాయి వస్తోంది. కొడుకు నా వెనక నిలబడ్డాడు. చుట్టుపక్కల అందరూ అమ్మేశారని, బోర్లలో నీళ్లు అడుక్కు పోయాయని, నడిమధ్య ఒక్క చేను పెట్టుకుని ఏం చేసేవాళ్లమని నేను అడక్కుండానే చెప్పాడు. నేను ఊ కొట్టాను. తర్వాత గొంతు తగ్గించి, "సార్, రాళ్లు రాకుండ తీయున్రి," అన్నాడు.

తూర్పు గట్టు దిగి, కాలువలాంటి పల్లంలో బోర్లా పడుకున్నాను. అక్కడి నుంచి చూస్తే ఎండిన గడ్డి ముందుకు వచ్చి రాళ్లను కప్పేసింది. గడ్డి పైన ఎర్రమట్టి చార, గుండ్లు, వెనక నాలుగు తాటిచెట్లు, పొద్దుటి వెలుతురు. ఒక రీలు మొత్తం అయ్యేదాకా తీశాను. అటువంటి ఫొటో నా ఇష్టానికి నేను ఎన్నడూ తీసి ఉండేవాణ్ని కాదు. అందులో మంచూ లేదు, పచ్చదనమూ లేదు.

నాలుగు రోజుల్లో ప్రింటు వచ్చింది. అరకు పచ్చిక దించి దాన్ని కట్టాను. పెద్దాయన నన్ను మంచం పక్కన కూర్చోబెట్టుకుని చాలాసేపు చూశాడు. ఏది ఏమిటో వేలితో చూపించాడు. ఆ పెద్ద గుండు నీడలో కూర్చుని అన్నాలు తినేవాళ్లట. పక్కన బల్లపరుపుగా ఉన్న దాని మీద వాళ్లమ్మ కందులు ఎండబోసేదట. మూడో తాటిచెట్టు పిడుగుపడి కూడా బతికిందట. ఆయాసం లేకుండా అన్ని మాటలు ఆయన మాట్లాడటం నేను అప్పుడే విన్నాను. తర్వాత ఆయన వేలు ఫొటో కింది అంచున గడ్డి వైపు తిరిగింది.

"రాళ్లేవి?" అన్నాడు.

నేను ఫొటో వైపు చూశాను.

"పాతిన్రు గద రాళ్లు. పాతుతుంటె నేను గట్టు మీద నిలవడి చూసిన. నువ్వు కిందికి వంగి తీసినవ్ బిడ్డా, కనవడకుండ."

"అవును పెద్దయ్యా."

"నీ అంతల నువ్వే తీసినవా, మావోడు చెప్పిండా?"

అబద్ధం చెప్పి ఉండొచ్చు. ఆ కళ్ల ముందు చెప్పబుద్ధి కాలేదు. మీ అబ్బాయే అడిగాడన్నాను. ఆయన తల ఫొటో వైపే తిప్పి ఉంది. ముఖంలో ఏముందో నాకు కనపడలేదు. సరే పోయిరా బిడ్డా అన్నాడు. తండ్రీ కొడుకుల మధ్య ఉన్నదానికి నేను ఇంకో రాయి పాతి వచ్చానేమోనని ఆ రోజంతా స్టూడియోలో నాకు పని సాగలేదు.

సాయంత్రం ఏం జరిగిందో ఆయమ్మ చెప్తే తెలిసింది. కొడుకు ఎప్పటిలా డబ్బా పెట్టి గుమ్మంలో నిలబడితే, పెద్దాయన లోపలికి వచ్చి మంచం మీద కూర్చోమన్నాడట. ఆయమ్మ సెలైన్ సీసా మారుస్తూ అక్కడే ఉంది.

"చెల్క అమ్మినందుకు గాదు కొడుకా నా కోపం అన్నడు సారూ. సంతకం వెట్టుమని కాయితం తెచ్చినవ్ గని, నా పక్కన కూసొని ఒక్క మాట జెప్పకపోతివి అన్నడు. గిప్పుడు రాళ్లు గూడ నాకు కనవడకుండ దాస్తున్నవ్, నేను చూడని రాళ్లా అన్నడు. గా పిల్లగాడు తలకాయ వంచుకొని కూసున్నడు. జర సేపటికి ముసలాయన చెయ్యి పట్టుకున్నడు. నేను బయటికొచ్చేసిన."

ఆ తర్వాత పెద్దాయన ఇంకో పదిహేను రోజులు బతికాడు. కొడుకు గుమ్మంలో నిలబడటం మానేశాడు. మధ్యాహ్నాలు కూడా వచ్చి కూర్చునేవాడు. నేను వెళ్లినప్పుడు ఒకసారి వాళ్లిద్దరూ ఆ ఫొటోలో బావి ఏ పక్కకు ఉండాలన్నదాని మీద వాదించుకుంటున్నారు. ఫొటోలో బావి లేదు, అంచుకు అవతల ఉండిపోయింది. ఒక పొద్దున, కొడుకు పక్కన ఉండగానే, పెద్దాయన ఊపిరి ఆగిపోయింది.

పెద్దకర్మ అయ్యాక కొడుకు గుండు మీద తువాలు కప్పుకుని స్టూడియోకు వచ్చాడు. ఇళ్లు లేచేలోపు ఆ చెల్కను నాలుగు పక్కల నుంచీ తీసిపెట్టమన్నాడు. "ఈసారి రాళ్లు రానియ్యున్రి సార్. బావి గూడ," అన్నాడు. నేను వెళ్లి తీశాను. అతను వచ్చి తీసుకెళ్లాడు. కొత్త ఇంట్లో ఎక్కడ పెట్టాడో, అసలు పెట్టాడో లేదో నేను అడగలేదు.

నర్సింగ్ హోమ్‌లో ఆ ఫొటోను దించడానికి నాకు మనసొప్పలేదు. డాక్టరమ్మ కూడా ఉంచమంది. ఆ గదిలోకి తర్వాత వచ్చింది మా తెనాలి వైపు నుంచి వచ్చి స్థిరపడిన ఒక టీచరమ్మ, పిత్తాశయంలో రాళ్లకు ఆపరేషన్. రెండో రోజే డాక్టరమ్మను పిలిచి అడిగిందట. "ఈ ఎండిపోయిన చోటేంటండీ, చూస్తుంటేనే నోరు ఎండుతోంది. కాస్త పచ్చటిది ఏదీ లేదా మీ దగ్గర?" ఆమె తప్పు ఏముంది. నేను వెళ్లి ఎర్రమట్టిని దించి, మళ్లీ అరకు కట్టాను. ఆమె సంతోషించింది. వాళ్ల మేనమామ అరకులోనే ఉద్యోగం చేశాడని నాతో గంటసేపు చెప్పింది.

ఆ తర్వాత డాక్టరమ్మ మెట్ల కింది గదిలో ఒక అర కొట్టించింది. నేను తీసిన ఫొటోలన్నీ అక్కడ నిలువుగా పేర్చి ఉండేవి. ఎవరైనా చేరగానే ఆయమ్మ పక్క వేస్తూ మీ ఊరేదని అడిగేది. ఎవరెవరున్నారని అడిగేది. పడుకోబెట్టాక వెళ్లి ఒక బొమ్మ చంకన పెట్టుకుని వచ్చేది. నచ్చకపోతే ఇంకోటి తెచ్చేది. ఒక తల్లికి తామరాకులు, ఒక లారీ డ్రైవరుకు రెండు పక్కలా చింతచెట్లతో మలుపు తిరిగే తారురోడ్డు. ఆ రోడ్డు నా భార్య వద్దన్నదే. అతను మాత్రం దాన్ని చూస్తూ నిద్రపోయేవాడట. నా పని తీసుకొచ్చి ఇవ్వడం వరకే. సరూర్‌నగర్‌లో ఒక పిల్లల క్లినిక్‌వాళ్లు, వనస్థలిపురంలో ఒక కంటి డాక్టరు నన్ను పిలిచి ఏవి బాగుంటాయని అడిగితే, ముందు మీ ఆయాను పిలవండి అనేవాణ్ని. వాళ్లు నవ్వేవాళ్లు. నేను నిజంగానే అనేవాణ్ని.

ఐదారేళ్లు అలా నడిచింది. ఒకసారి ఆయమ్మకే గర్భసంచి తీసేయాల్సి వచ్చింది. వేరే ఎక్కడికీ పోనని అక్కడే చేరింది. ఆపరేషన్ అయిన మూడో రోజు నేనూ నా భార్యా పళ్లు తీసుకుని చూడటానికి వెళ్లాం. ఆమె పెద్దాయన ఉన్న గదిలోనే పడుకుని ఉంది. ఎదురుగా గోడ మీద ఏమీ లేదు. రెండు మేకులు, వాటి చుట్టూ పలక ఆకారంలో కొంచెం తెల్లగా మిగిలిన సున్నం.

మీకేది కావాలో చెప్పండి, నేను తెచ్చి కడతానన్నాను. హయత్‌నగర్ చెరువు తెమ్మంటారా అన్నాను, అది వాళ్లూరిదే కాబట్టి.

"వద్దు సారూ," అంది ఆయమ్మ. "ఇన్నేండ్లు అందరి పటాలు చూసిన. గోడ ఉత్తగనే ఉండనియ్యున్రి. మంచిగున్నది."

నా భార్య మంచం అంచున కూర్చుని బత్తాయి ఒలిచి తొనలు ఆమె చేతిలో పెట్టింది. నేను కుర్చీ దగ్గరికి లాక్కున్నాను. ఆయమ్మ ఒక్కొక్క తొనే తింటూ, మధ్యమధ్యలో కళ్లు మూసుకుంటూ, తెరిచినప్పుడల్లా ఆ తెల్లగోడ వైపు చూస్తూ ఉంది. చూడటానికి వచ్చేవాళ్ల టైము అయిపోయిందని నర్సు వచ్చి చెప్పేదాకా మేం అక్కడే కూర్చున్నాం.